పేరులేని పాత గిటార్లు: మనసెందుకు పోతుంది, చెవికి ఏం దొరుకుతుంది?

కొత్త గిటారు కొనడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. ఫోన్‌లో ఆర్డర్ పెడితే నాలుగు రోజులకు హాస్టల్ గేటు దగ్గరికి వస్తది. శ్రుతి నిలుస్తది, చేతికి ఏదీ గుచ్చుకోదు, సంచీ కూడా దాంతోపాటే వస్తది. అయినా కొంతమంది సంగీతకారులు దాన్ని పక్కకు పెట్టి, ఎవరు చేసిన్రో తెలియని, కంపెనీ ఎప్పుడో మూతపడిన, పాలిష్ పగిలిపోయిన పాత గిటారు కోసం ఊర్లు తిరుగుతుంటారు. దొరికితే బిడ్డ దొరికినంత సంబురపడతారు. చూసేవాళ్లకు ఇది పిచ్చిలాగే కనిపిస్తుంది.

పిచ్చి అని కొట్టేయకుండా ఈ ఇష్టాన్ని ఒక పాఠంలా చదువుదాం. పాత గిటారులో నిజంగా ఏముంది? కట్టె ముసలిదైతే శబ్దం మారుతుందా, లేక అది మన మనసు చేసే మాయనా? పెద్ద కంపెనీ పేరున్న గిటార్లను వదిలి పేరులేని వాటి మీదనే కొందరికి ప్రేమ ఎందుకు? ఈ ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ పోతే మన కిన్నెర దగ్గరికి, బుర్ర వీణ దగ్గరికి వచ్చి ఆగుతాం. జగిత్యాలలోనో కోరుట్లలోనో సిరిసిల్లలోనో ఒక ఇంటి అటక మీద పాత తీగవాద్యం ఉంటే దాన్ని ఏం చేయాలనేది కూడా అప్పుడే తేలుతుంది. ఎందుకంటే అట్లాంటి వాయిద్యానికి సాధారణంగా రెండే దారులు. ఎవరో ఒకరు గుర్తుపట్టాలె, లేకపోతే పాత సామాన్ల బండెక్కాలె.

తీగ లెక్క

ముందు మాటలు సరిచూసుకుందాం. గిటారు భాగాలకు మనం ఇంగ్లీషు పేర్లే వాడుతుంటాం గానీ, వీణ చేసేవాళ్ల దగ్గర వీటికి ఎప్పటినుంచో పేర్లున్నాయి. తీగలు బిగించేవి బిరడలు. పొడుగాటి మెడ దండి. దాని మీది అడ్డపట్టీలు మెట్లు. కింద తీగలు ఆనుకునే దిమ్మ గుర్రం. ఈ వ్యాసంలో గిటారుకు కూడా ఈ మాటలే వాడుకుందాం. పెట్టె పైభాగాన్ని పై పలక అందాం.

సన్నని తీగ ఒక్కటే మోగితే మనకు సరిగా వినపడదు. అది కదిలించే గాలి ఎంతని? తీగ గుర్రాన్ని ఊపుతుంది, గుర్రం పై పలకను ఊపుతుంది, వెడల్పైన ఆ పలక గాలిని ఊపుతుంది. అంటే గిటారులో అసలు పాట పాడేది పై పలక. తీగ దానికి పాట చెప్పే గురువు మాత్రమే.

తీగ స్వరం మూడింటి మీద ఆధారపడుతుందని మొదటి సంవత్సరం ఫిజిక్స్‌లోనే చదివాం: పొడవు, బిగువు, మీటరు తీగకు ఎంత బరువు అనేది. బిగువును మీటరు బరువుతో భాగించి, వర్గమూలం తీసి, దాన్ని పొడవుకు రెండింతలతో భాగిస్తే సెకనుకు ఎన్ని కంపనాలో వస్తుంది. ఇప్పుడు నిజమైన అంకెలు వేద్దాం. మామూలు గిటారులో మోగే తీగ పొడవు సుమారు 648 మిల్లీమీటర్లు. అన్నిటికంటే సన్నని ఉక్కు తీగ మందం 0.3 మిల్లీమీటర్లు. అది పలకాల్సిన స్వరం సెకనుకు దాదాపు 330 కంపనాలు. లెక్క కడితే బిగువు 101 న్యూటన్ల దాకా వస్తుంది, అంటే పది కిలోలకు పైన. ఆరు తీగలూ కలిస్తే డెబ్బై కిలోల చుట్టుపక్కల తేలుతుంది. ఒక సిమెంటు బస్తా 50 కిలోలు. దాదాపు బస్తన్నర బరువు రాత్రింబగళ్లు గిటారును గుంజుతూ ఉంటుందన్న మాట. ఆ గుంజుడును తట్టుకునే పై పలక మందం ఎంత? మూడు మిల్లీమీటర్లకు అటుఇటు.

సాంచల మధ్య పెరిగిన సిరిసిల్ల పిల్లలకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. పోగు మరీ బిగిస్తే తెగుతది, వదులైతే చిక్కుపడతది. మంచి గుడ్డ ఆ రెండింటి నడుమనే పుడుతుంది. గిటారు చేసేవాడి కష్టం కూడా అదే. పలక మందమైతే గట్టిగా ఉంటది గానీ మోగదు. పల్చనైతే బాగా మోగుతది గానీ ఏదో ఒకరోజు గుర్రం దగ్గర లేచిపోతది. గిటారు చరిత్ర అంతా ఈ పేచీని ఎవరు ఎట్ల తీర్చిన్రనే కథే.

పలక కింద ఏముంది?

ఈ పేచీ తీర్చేవి పై పలక లోపలివైపు అంటించిన సన్నని కర్రలు. బయటికి కనపడవు. కానీ రెండు గిటార్ల శబ్దం వేరుగా ఉండటానికి పెద్ద కారణాల్లో ఇదొకటి.

జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్హెన్ అనే ఊరి నుంచి సి.ఎఫ్. మార్టిన్ 1833లో అమెరికా పోయాడు. ఆయన పేరుమీది కంపెనీ ఇప్పటికీ పెన్సిల్వేనియాలోని నజరెత్‌లో గిటార్లు చేస్తూనే ఉంది. 1840ల్లో ఆయన గిటార్లలో లోపలి కర్రలు గుణకారం గుర్తులాగా ఒకదాన్నొకటి దాటుకుంటూ కనిపిస్తాయి. అప్పుడు గిటార్లకు పేగు తీగలు కట్టేవారు, వాటి బిగువు తక్కువ. ఎనభై ఏండ్ల తర్వాత, 1920ల్లో ఉక్కు తీగలు వచ్చినప్పుడు, ఆ గుణకారం అమరికే ఎక్కువ బిగువును తట్టుకుని నిలబడింది. అందుకే ఇవాళ మనం కొనే ఉక్కు తీగల గిటార్లలో చాలా వరకు అదే అమరిక ఉంటుంది.

కానీ అప్పట్లో అందరూ మార్టిన్ కొనలేరు. చికాగోలో 1892లో మొదలైన హార్మనీ కంపెనీ, న్యూజెర్సీలోని ఆస్కార్ ష్మిట్ కంపెనీ లాంటివి తక్కువ ధర గిటార్లను లెక్కలేనన్ని చేశాయి. పోస్టులో వచ్చే క్యాటలాగ్ చూసి పల్లెటూరి కూలీ కూడా తెప్పించుకోగలిగే గిటార్లు అవి. పని తొందరగా కావాలని వాటిలో లోపలి కర్రలను నిచ్చెన మెట్లలాగా అడ్డంగా, ఒకదాని కింద ఒకటి అంటించేవారు. సులువు పని, తక్కువ కూలి.

నిచ్చెన అమరికలో పలక అంత స్వేచ్ఛగా ఊగదు. దాంతో స్వరం టక్కున లేచి తొందరగా పడిపోతుంది, నడిమి స్థాయి స్వరాలు ముందుకొస్తాయి. మార్టిన్‌తో పోలిస్తే ఇది లోపం. కానీ పాట మీద మాట స్పష్టంగా వినపడాల్సిన కథాగానానికి, కాలు తడుతూ పాడే బ్లూస్‌కు అదే సరిపోయింది. ప్రతి స్వరం ఎక్కువసేపు మోగుతూ ఉంటే పాడేవాడి మాట మునుగుతది. లెడ్‌బెల్లీ అనే మహా గాయకుడు వాయించిన పన్నెండు తీగల గిటారు స్టెల్లా, అంటే ఆస్కార్ ష్మిట్ కంపెనీ సరుకే. పన్నెండు తీగల బిగువు మామూలు గిటారు బిగువు కంటే చాలా ఎక్కువ. ఆయన తీగలను మామూలు శ్రుతి కంటే బాగా దించి వాయించేవాడు. ఆ దించడం వల్లనే ఆ గిటారుకు గంభీరమైన మంద్ర స్వరం వచ్చింది.

ఇందులో మనకు కావాల్సిన మొదటి పాఠం ఉంది. ఆ పాటలు పుట్టింది ఆ చౌక గిటార్ల మీద. ఇవాళ ఒక వాద్యకారుడికి ఆ శబ్దం కావాలంటే లక్షల రూపాయల గిటారు పనికిరాదు, నిచ్చెన అమరికతో చేసిన పాత చౌక గిటారే కావాలె. ధరకు, పనికివచ్చే గుణానికి ఎప్పుడూ నేరుగా లంకె ఉండదు.

ఆగిపోయిన దారులు

మైకులు అంతటా రాని రోజుల్లో గిటారుకు పెద్ద కష్టం శబ్దం చాలకపోవడం. బ్యాండులో బాకాలు, డోళ్ల మధ్య గిటారు వినపడేది కాదు. ఈ కష్టానికి ఒక్కొక్కరు ఒక్కో మందు కనిపెట్టారు. లాస్ ఏంజెలెస్‌లో హెర్మన్ వైసెన్‌బోర్న్ దండిని కూడా లోపల బోలుగా చేసి, పెట్టెను దండి చివరిదాకా సాగదీశాడు. ఒడిలో పడుకోబెట్టి, ఉక్కు కడ్డీ జార్చి వాయించే హవాయి పద్ధతికి చేసినవి అవి. 1920ల చివర జాన్ డోప్యేరా పెట్టె లోపల పల్చని అల్యూమినియం శంకువులు పెట్టి, పెట్టెనే లోహంతో చేశాడు. నేషనల్ కంపెనీ పేరుతో వచ్చిన ఆ గిటార్లు గట్టిగా మోగాయి.

1930ల్లో కరెంటు గిటారు వచ్చింది. శబ్దం చాలకపోవడం అనే కష్టమే తీరిపోయింది. దానికోసం పుట్టిన ఈ డిజైన్లు చాలావరకు పక్కకు పడిపోయాయి. ఓడిపోయినంత మాత్రాన అవి చెడ్డ డిజైన్లు కాదు. ప్రశ్న మారిపోయింది, అంతే. జవాబులు మాత్రం అట్లనే మిగిలాయి. ఆ జవాబుల్లో వేరే ఎక్కడా దొరకని శబ్దాలున్నాయి.

అమెరికా వాద్యకారుడు డేవిడ్ లిండ్లీ (1944–2023) ఈ మిగిలిపోయిన జవాబులను వెతికిన మనిషి. వైసెన్‌బోర్న్ గిటార్లను ఎవరూ పట్టించుకోని కాలంలో ఆయన వాటిని వేదిక మీదికి తెచ్చాడు. చౌక క్యాటలాగ్ గిటార్లను కూడా అంతే ప్రేమతో వాయించాడు. తర్వాత వైసెన్‌బోర్న్ తరహా గిటార్లను కొత్తగా చేసేవాళ్లు పుట్టుకొచ్చారు. ఒక వాద్యకారుడి ఇష్టం ఒక ఆగిపోయిన దారిని మళ్లీ తెరవగలదని దీనివల్ల తెలుస్తుంది.

మన దేశంలోనూ ఇట్లాంటి కథ ఉంది. ఒడిలో పెట్టి వాయించే ఆ హవాయి గిటారే కలకత్తాకు వచ్చి అక్కడి ఇండ్లల్లో స్థిరపడింది. బ్రిజ్ భూషణ్ కాబ్రా దాని మీద హిందుస్తానీ రాగాలు పలికించాడు. 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాతో కలిసి ఆయన వాయించిన 'కాల్ ఆఫ్ ద వ్యాలీ' రికార్డు దేశమంతా విన్నది. విశ్వమోహన్ భట్ గిటారుకు ఇంకా తీగలు చేర్చి, ఇరవై తీగల మోహన వీణ చేసుకున్నాడు. రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కు 1994లో గ్రామీ వచ్చింది.

ఇక పాత తరం ఇండ్లల్లో కనిపించే గివ్‌సన్, గిబ్‌టోన్, హాబ్నర్ గిటార్లు కలకత్తావి. పేర్లు వింటేనే అమెరికా గిబ్సన్, జర్మనీ హోఫ్నర్ గుర్తొస్తాయి. వీటిలో చాలా వరకు ప్లైవుడ్‌వి, ధర తక్కువవి. ఇవేవీ గొప్ప గిటార్లు కావు. కానీ విదేశీ సరుకు అందని రోజుల్లో ఒక తరం చేతికి మొదటి గిటారుగా వచ్చింది ఇట్లాంటివే. ఆ తరం వేళ్లకు కాయలు కాచింది వీటి మీదనే.

పాతబడితే శబ్దం మారుతుందా?

ఇంజనీరింగ్ చదివేవాళ్లం కాబట్టి ఇక్కడ కొంచెం గట్టిగానే నిలదీయాలె.

కట్టె ముసలిదైతే మార్పు వస్తుందన్నది నిజం. కట్టెలో ఉండే కొన్ని పదార్థాలు ఏండ్లు గడిచినకొద్దీ విచ్ఛిన్నమవుతాయి, బరువు కొంచెం తగ్గుతుంది, గాలిలో తేమను తాగే గుణం తగ్గుతుంది. తేలికై బిగువు తగ్గని పలక సులువుగా ఊగుతుంది. అందుకే కొందరు తయారీదారులు ఇప్పుడు కొత్త పలకలను ఆక్సిజన్ తక్కువగా ఉండే కొలిమిలో వేడిచేసి, తొందరగా ముసలివి చేస్తున్నారు.

కానీ ఆ మార్పును మనిషి చెవి పట్టుకుంటుందా అనేది వేరే ప్రశ్న. 2010లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో క్లాడియా ఫ్రిట్జ్, జోసెఫ్ కర్టిన్ బృందం ఒక పరీక్ష చేసింది. 21 మంది వయొలిన్ వాద్యకారుల కండ్లకు నల్ల అద్దాలు పెట్టి, ఆరు వయొలిన్లు చేతికిచ్చారు. మూడు కొత్తవి, మూడు పాతవి. పాతవాటిలో రెండు స్ట్రాడివరి చేసినవి, ఒకటి గ్వార్నేరి చేసినది, అంటే కోట్ల విలువైనవి. ఎక్కువమంది మెచ్చింది ఒక కొత్త వయొలిన్‌ను. ఎక్కువమంది వద్దన్నది ఒక స్ట్రాడివరిని. చేతిలో ఉన్నది పాతదా కొత్తదా అనేది చాలామంది చెప్పలేకపోయారు. గిటార్ల మీద కూడా ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక అధ్యయనం 2018లో ప్రచురించారు. వెనుక పలక, పక్కల కట్టె తప్ప మిగతాదంతా ఒకే తీరుగా ఉన్న ఆరు గిటార్లను 52 మంది వాయించి చూశారు. ఖరీదైన కట్టెకూ, చవక కట్టెకూ శబ్దంలో తేడా ఉందని వాళ్ల మార్కుల్లో పెద్దగా తేలలేదు.

ఇంకో సంగతి. మన చేతికి వచ్చే పాత గిటార్లు మిగిలినవి మాత్రమే. వాటి తోటివి ఎన్నో విరిగి పొయ్యిలోకి పోయాయి. మంచిగా మోగినదాన్ని మనిషి జాగ్రత్తగా దాచుకుంటాడు, మోగనిదాన్ని పడేస్తాడు. మిగిలినవాటినే చూసి "పాతవన్నీ బంగారం" అంటే, రాలిపోయిన పిందెలను లెక్కలోకి తీసుకోకుండా చెట్టు కాపు గురించి మాట్లాడినట్టే.

మరి ఈ ప్రేమ అబద్ధమా? కాదు. పరీక్షలు చెప్పింది ఒకటే: వయసు, ధర, పేరు, ఇవి శబ్దానికి హామీ కావు. లోపలి కర్రల అమరిక, పెట్టె ఆకారం, తీగల పొడవు మారితే శబ్దం మారుతుంది, దాన్ని చెవి పడుతుంది. పాత పేరులేని గిటార్లలో ఈ అమరికలు నానారకాలు. ఇప్పటి గిటార్లలో చాలా వరకు ఒకటే మూస. కాబట్టి అట్లాంటి గిటార్లను వెతికేవాడు, తెలిసో తెలియకో, వెతుకుతున్నది వైవిధ్యాన్ని.

మెట్లు ఎవరు పెట్టిన్రు?

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. గిటారు మెట్లకు ఒక లెక్క ఉంది. రెండింటికి పన్నెండో మూలం తీసి, ఆ నిష్పత్తిలో మెట్లు పెడతారు. 648 మిల్లీమీటర్ల తీగకు మొదటి మెట్టు 36.4 మిల్లీమీటర్ల దగ్గర, పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 324 దగ్గర వస్తుంది. ఫ్యాక్టరీలో రంపం కోసిన చోటే మెట్టు. అది జన్మలో కదలదు.

బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస కట్టెతో వీణలు చేసేవాళ్లు వీణకు 24 మెట్లను మైనం మీద కూర్చోబెడతారు. లెక్క ఉంటుంది గానీ, చివరి తీర్పు చెవిది. మెట్టు కొంచెం అటుఇటు జరపాలనుకుంటే మైనాన్ని మెత్తబరిచి జరపొచ్చు.

ఇంకా వెనక్కి పోతే కిన్నెర. వెదురు బొంగు, ఎండిన సోరకాయ బుర్రలు, తేనె మైనం, తీగలు. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య వాయించే పన్నెండు మెట్ల కిన్నెరను 2021లో 'భీమ్లా నాయక్' పాటతో రాష్ట్రమంతా విన్నది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకంలో ఆయన మీద పాఠం ఉంది. గిటారులో పన్నెండు, కిన్నెరలో పన్నెండు అని ఒకటే అనుకోవద్దు. గిటారు పన్నెండు గణితంలో నుంచి వచ్చింది. కిన్నెర మెట్లు పండుగ సాయన్న కథ పాడే గొంతుకు సరిపడా కూర్చినవి. ఆ మెట్లు పోతే ఆ కథ పాడే తీరు కూడా పోతుంది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప బుర్ర వీణకు 2024లో పద్మశ్రీ వచ్చింది. అది కూడా వెదురు, సోరకాయ బుర్ర, తీగల వాయిద్యమే. దాన్ని వాయించేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు.

హార్మనీ గిటారు పోతే ఇంకో హార్మనీ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, లక్షల్లో చేశారు కాబట్టి. కిన్నెర అట్ల కాదు. దానికి కంపెనీ లేదు, క్యాటలాగ్ లేదు, విడిభాగాలు లేవు. వాయించేవాడే చేసేవాడు, బాగుచేసేవాడు కూడా. ఆ మనిషి పోతే మూడూ ఒకేసారి పోతాయి. అవార్డు ఒక్కటే ఈ సమస్యను తీర్చదు. పద్మశ్రీ వచ్చిన రెండేండ్లకు, 2024లో, మొగులయ్య కూలిపనికి పోతున్నారన్న వార్త మనమంతా చదివినదే. వాయిద్యాన్ని మెచ్చుకోవడం వేరు, ఆ వాయిద్యంతో మనిషి బతకగలగడం వేరు.

పరాయి వాయిద్యం మనదైన కథ కూడా మరువద్దు. 1969లో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఆరేండ్ల వయసులో నాన్న మాండలిన్ చేతిలోకి తీసుకున్నాడు. మాండలిన్‌కు మామూలుగా నాలుగు జతల్లో ఎనిమిది తీగలు. గమకం పలకాలంటే జంట తీగలు అడ్డం. ఆయన ఐదు ఒంటి తీగల మాండలిన్ వాడి కర్ణాటక సంగీతాన్ని దాంట్లో పలికించాడు. ఇంట్లో ఎవరిదో ఒక వాయిద్యం పిల్లవాడి చేతికి అందేటట్టు ఉండటం ఎంత పెద్ద సంగతో దీన్నిబట్టి ఆలోచించండి.

ఇంట్లో పాతది దొరికితే

పండుగకు ఊరికి పోయినప్పుడు పెదనాన్న ఇంట్లోనో, భీవండిలోనో దుబాయిలోనో పనిచేసి వచ్చిన మామ ఇంట్లోనో పాత గిటారు కనిపించిందనుకుందాం. ఏం చేయాలె?

మొదటిది, చేతిలోకి రాగానే బిరడలు తిప్పి బిగించవద్దు. ఏండ్లకొద్దీ వదులుగా ఉన్న పలక మీద బస్తన్నర బరువు ఒక్కసారిగా పడుతుంది. తుప్పు తీగ తెగితే కండ్లకు ప్రమాదం కూడా. పాత తీగలు తీసేయండి.

రెండోది, నోరులాంటి రంధ్రంలో నుంచి ఫోన్ లైటు వేసి లోపల చూడండి. కర్రలు గుణకారంలా ఉన్నాయా, నిచ్చెనలా ఉన్నాయా? ఏదైనా ఊడిందా? లోపల కాగితం ముక్క అంటించి ఉంటే ఫొటో తీసుకోండి. రంధ్రం అంచులో పొరలు పొరలుగా కనిపిస్తే అది ప్లైవుడ్. పై నుంచి కిందిదాకా ఒకే గీతలు నడిస్తే ఒంటి కట్టె.

మూడోది, గుర్రం కింద సన్నని కాగితం దూరుతుందా చూడండి. దూరితే జిగురు వదులుతున్నట్టు. దాన్ని ఇంట్లో దొరికే ఏ జిగురుతోనో అంటించవద్దు. పాత గిటార్లకు పశువుల చర్మం నుంచి తీసిన జిగురు వాడేవారు. వేడి, తేమ తగిలితే అది వదులుతుంది, కాబట్టి మళ్లీ విప్పి బాగుచేయొచ్చు. ఎప్పటికీ వదలని జిగురు పూస్తే తర్వాత బాగుచేసేవాడు కట్టెను చీల్చాల్సి వస్తది.

నాలుగోది, దండి. ఒక కండ్లు మూసి దండి వెంబడి చూడండి. విల్లులా వంగిందా? కొత్త గిటార్ల దండిలో సర్దుకునే ఇనుప కడ్డీ ఉంటుంది. పాత చౌకవాటిలో చాలాసార్లు అది ఉండదు. అట్లాంటి దండి బాగా వంగితే ఖర్చు ఎక్కువవుతుంది. పన్నెండో మెట్టు దగ్గర లావు తీగకు, మెట్టుకు మధ్య మూడు మిల్లీమీటర్లు దాటకుంటే వేళ్లకు సుఖం.

ఐదోది, స్వరం. సన్నని రకం తీగలు వేసి, మామూలు శ్రుతి కంటే రెండు మెట్లు కిందకే బిగించండి. బిగువు సూత్రం ప్రకారం రెండు మెట్లు దించితే దాదాపు ఐదో వంతు బిగువు తగ్గుతుంది. డెబ్బైలో పధ్నాలుగు కిలోలు తగ్గినట్టు. లెడ్‌బెల్లీ చేసిన పని ఇదే. తర్వాత ఫోన్‌లో శ్రుతి చూపే యాప్ పెట్టి, పన్నెండో మెట్టు మీద వేలు ముట్టీముట్టనట్టు ఆనించి ఒకసారి, నొక్కి ఒకసారి మీటండి. రెండూ ఒకే స్వరం చూపాలె. తేడా ఎక్కువుంటే గుర్రం చోటు సరిగా లేదని అర్థం. గుర్రం అతికించకుండా, తీగలు కింద లోహపు పట్టీకి కట్టిన రకమైతే దాన్ని మెల్లగా జరిపి సరిచేయొచ్చు.

ఇక వాతావరణం. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు జగిత్యాలకు కొత్త కాదు. ఎండాకాలం పొడిగాలికి కట్టె ముడుచుకుని పగులుతుంది, వానాకాలం తేమకు ఉబ్బుతుంది. రేకుల కప్పు కింద అటక మీద పెట్టొద్దు, కూలర్ గాలి తగిలేచోటా పెట్టొద్దు. బయటి గోడకు కాకుండా లోపలి గోడ పక్కన, సంచిలోనో పెట్టెలోనో ఉంచితే చాలు. మళ్లీ కొత్తగా రంగు వేయించొద్దు. పెయింటు మందంగా పడితే పలక మోగదు, చరిత్ర కూడా దాంతోపాటే కప్పబడిపోతది.

బాగు ఖర్చు కొత్త గిటారు ధరను దాటితే? అప్పుడు నిజాయితీగా ఆలోచించాలె. నేర్చుకోవడానికే అయితే కొత్తది కొనడమే తెలివి. చెడ్డ గిటారు మీద మొదలుపెడితే వేళ్లు నొచ్చి, శ్రుతి నిలవక, మనిషి సంగీతాన్నే వదిలేస్తాడు. పాతదాన్ని ప్రేమించడమంటే ప్రతిదాన్నీ వాయించాలని కాదు. ఏది వాయించాలె, ఏది దాచాలె, ఏది వదలాలె అని తేల్చుకోగలగడం.

మన చేతిలో ఉన్న పని

ఇంజనీరింగ్ విద్యార్థులుగా మనకు వచ్చిన విద్య ఇక్కడ సూటిగా పనికొస్తుంది. మనకు వెర్నియర్ కాలిపర్స్ పట్టడం తెలుసు, క్యాడ్‌లో గీయడం తెలుసు, శబ్దాన్ని రికార్డు చేసి కంపనాలుగా విడదీసి చూడటం తెలుసు. ఊర్లో భజన మండలి దగ్గర పాత తంబుర ఉన్నా, కథ చెప్పే ఇంట్లో తీగవాద్యం ఉన్నా, బంధువుల ఇంట్లో కలకత్తా గిటారు ఉన్నా, ఒక పూట కేటాయిస్తే దాని కొలతలన్నీ రాసుకోవచ్చు: తీగ పొడవు, మెట్ల దూరాలు, కట్టె మందం, ఏ జిగురు, ఏ తీగ. ప్రతి తీగనూ విడిగా మీటి రికార్డు చేయాలె. వాయించే మనిషి ఉంటే ఒక పాట మొత్తం, ఆయన అనుమతితో. ఎవరి దగ్గర నేర్చుకున్నడు, మెట్లు ఎట్ల కూర్చుతడు అనేది ఆయన మాటల్లోనే రాసుకోవాలె. ఆ పూటకు ఆయన పని పోతుంది కాబట్టి కూలి ఇవ్వడం కూడా లెక్కలో ఉండాలె.

మార్టిన్ గిటారు కొలతలు ప్రపంచంలో ఎక్కడివాళ్లకైనా దొరుకుతాయి, దాన్నిబట్టి ఎవరైనా ఇంకొకటి చేయగలరు. మన కిన్నెరకు, బుర్ర వీణకు కూడా అట్లాంటి గీత పటాలు చేతికి అందాలె. పటం ఉన్నంత మాత్రాన పాట రాదు, అది నిజమే. కానీ రేపు ఒక పిల్లవాడికి ఆ పాట మీద మనసుపడితే, వాయిద్యం ఎట్ల చేసుకోవాలో వాడికి తెలియాలి కదా.